కాలేజీకి వెళ్తూ పగడాల ట్యాంక్‌ను ఏం చేయాలి? విశాఖ ఇంటికి సరిపడే లెక్కలతో వివరంగా

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టె, కింద సంప్ (తొట్టె నీళ్లు దిగి, శుద్ధయి మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టె). రాళ్లూ ఇసుకా పోగా మొత్తం నీళ్లు 200 లీటర్ల దాకా ఉంటాయి. రెండు క్లౌన్ చేపలు, ఒక వాచ్‌మన్ గోబీ, దాని జతగాడు పిస్టల్ రొయ్య, ఒక బ్లెన్నీ (నాచు తినే చేప). జోవాలు, మష్రూమ్‌లు, ఒక టోడ్‌స్టూల్ లెదర్ (ఇవన్నీ మెత్తటి, అంటే సాఫ్ట్ పగడాలు), వీటితోపాటు రాతి పగడాలు మూడు: ఒక హామర్, ఒక టార్చ్, చిన్న మాంటిపోరా ముక్క. మూడేళ్లుగా నడుస్తోంది. ఆగస్టు మొదట్లో వరంగల్‌లో ఇంజినీరింగ్‌లో చేరాలి. ఇంట్లో అమ్మ, నాన్న, పదో తరగతి చదివే తమ్ముడు ఉంటారు. ట్యాంక్ ఉంచాలా, ఎవరికైనా ఇచ్చేయాలా, తీసేసి సామాను దాచుకోవాలా?

తమ్ముడూ, ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తరవాత. రోజూ పది నిమిషాలు దాని ముందు నిలబడి, తేడా వస్తే గుర్తుపట్టే మనిషి ఇంట్లో ఒకరున్నారా లేదా అన్నదే అసలు లెక్క. ఉంటే, ట్యాంక్‌ను బాగా తేలిక చేసి సాఫ్ట్ పగడాలతో ఉంచు. లేకపోతే జూలై ముగిసేలోపే ప్రాణమున్న వాటన్నిటికీ మంచి చోటు చూసి తొట్టె ఖాళీ చెయ్. 'నడిచినన్నాళ్లు నడుస్తుందిలే' అని మాత్రం వదిలి వెళ్లకు. అమ్మ ఫోన్ చేసి 'నీళ్లు తెల్లగా అయిపోయాయి నాన్నా' అని చెప్పే రోజుకి వరంగల్ నుంచి నువ్వు చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

విశాఖలో ఇంకో చిక్కు ఉంది. నువ్వు ఇల్లు వదిలే నెలలే ఇక్కడ ట్యాంక్‌కి గడ్డు నెలలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉక్కపోత, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. నీ మొదటి సెమిస్టర్ సరిగ్గా ఆ కాలంలోనే పడుతుంది. కాబట్టి 'మొదటి సెమిస్టర్ చూసి, సంక్రాంతికి వచ్చి ఆలోచిద్దాం' అనే పథకం మన ఊళ్లో పనికిరాదు.

ఇంట్లోవాళ్లు చూడగలరో లేదో మాటల్లో తేలదు. అడిగితే అమ్మ ఎప్పుడూ 'నేను చూసుకుంటాలే' అనే అంటుంది. మే చివరి నుంచి 21 రోజులు పరీక్ష పెట్టు. ఆ మూడు వారాలూ నువ్వు ఇంట్లోనే ఉంటావు కానీ తొట్టెలో చెయ్యి పెట్టవు, గుర్తుచేయవు, గాజు తుడవవు. వాళ్లు అడిగితే ఫోన్లో చెప్పినట్టు మాటతోనే చెప్పు, లేచి వెళ్లి చూపించకు. రోజూ రాత్రి ఉప్పుశాతం, వేడి నువ్వు రాసుకో. మూడు వారాల్లో నువ్వు తప్పనిసరిగా లేచి చెయ్యి వేయాల్సిన సందర్భం రెండుసార్లు మించి వస్తే జవాబు వచ్చేసినట్టే, తీసేయడమే మేలు. నీ తమ్ముడి మీద భారం పెట్టకు. వాడికి జనవరి నుంచి పబ్లిక్ పరీక్షల హడావుడి ఉంటుంది. వాడు సాయం మనిషిగా ఉండాలి గానీ బాధ్యుడిగా కాదు. ఇంకా ఒక మాట. ఇంటిల్లిపాదీ పెళ్లికో, వేసవిలో ఊరికో నాలుగు రోజులు వెళ్తే ఎవరు చూస్తారు? తాళంచెవి ఇవ్వగలిగిన పొరుగువాళ్లను కూడా ఈ 21 రోజుల్లోనే ఒకసారి తొట్టె ముందు నిలబెట్టి చూడు.

ఏ దారి పట్టినా ముందు తేల్చాల్సింది చట్టం సంగతి. రాతి అస్థిపంజరం కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ పగడం కూడా అందులోనే ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో వీటిది పులి ఉన్న వరసే. నీ హామర్, టార్చ్, మాంటిపోరా మూడూ ఈ జాబితాలోవి. మొదటి షెడ్యూల్ జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు ఉంటుంది. 'దుకాణంలో కొన్నాను', 'ఇది పెంచిన ఫ్రాగ్ (పగడం నుంచి తుంచిన ముక్క)' అన్న మాటలు నిన్ను కాపాడవు. వాటిని అమ్మకు, ఊరికే కూడా ఎవరికీ ఇవ్వకు, రైల్లో పట్టుకెళ్లకు, ఫొటో పెట్టి బేరం అడగకు. నాన్నగారితో కలిసి ముందు ఒక లాయర్‌ని అడుగు. తరవాత విశాఖలోని అటవీశాఖ డివిజన్ కార్యాలయానికి వెళ్లి, ఏమున్నాయో రాతపూర్వకంగా ఇచ్చి, వాళ్లు ఎలా చెబితే అలా చెయ్. నువ్వు ఊళ్లో ఉండగానే ఇది ముగించాలి. నువ్వు వెళ్లాక ఈ తలనొప్పి నాన్నగారి నెత్తిన పడకూడదు. జోవాలు, మష్రూమ్‌లు, లెదర్, క్లౌన్‌లు, గోబీ, బ్లెన్నీ ఆ జాబితాలో లేవు, కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదంతా వాటి గురించే.

ఉంచాలని తేలితే, ట్యాంక్‌ని తేలిక చేయడం అంటే ఏమిటో చెబుతాను.

రాతి పగడాలు లేకపోతే ఆల్కలినిటీ (నీటి క్షారత, డీకేహెచ్ లెక్కలో కొలుస్తారు), కాల్షియం వాడకం బాగా పడిపోతుంది. ఎంత పడిందో కొలిచి చూసుకో. డోసింగ్ (ఈ ఖనిజాలను పంపుతో కలపడం) ఆపి, రోజూ ఒకే సమయానికి నాలుగు రోజులు ఆల్కలినిటీ చూడు. రోజుకి 0.1 డీకేహెచ్ లోపే తగ్గుతుంటే డోసింగ్ పంపులు పూర్తిగా తీసేయవచ్చు. పదిహేను రోజులకి 20 లీటర్ల నీళ్ల మార్పిడితోనూ, పడినప్పుడు కాస్త తినేసోడాతోనూ సరిపోతుంది. 200 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగాలంటే సుమారు 6 గ్రాముల తినేసోడా కావాలి. అది కూడా నువ్వు సెలవులకి వచ్చినప్పుడు కొలిచి వేసేదే, అమ్మతో వేయించేది కాదు. బట్టల సోడా అయితే దీనికి వాడకూడదు, పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. టాప్ ఆఫ్ (ఆవిరైన మేరకు పోసే) నీళ్లలో సున్నపు తేట కలిపే అలవాటు ఉంటే అది కూడా మానెయ్. మనిషి పక్కనున్నప్పుడు అది మంచి పద్ధతే. కానీ ఫ్లోట్ ఇరుక్కుని డబ్బా మొత్తం ఒక్కసారి తొట్టెలోకి వెళ్తే పీహెచ్ పెరిగి ఒక్క రాత్రిలో అన్నీ పోతాయి.

అసలు కష్టమంతా నీళ్లు ఆవిరి కావడంలోనే ఉంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. మే నెలలో ఫ్యాన్లు పెట్టి చల్లబరిస్తే ఈ సైజు తొట్టెకి రోజుకి 3, 4 లీటర్లు పోతాయి. 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) తో మొదలుపెట్టి ఐదు రోజులు ఎవరూ నీళ్లు పోయకపోతే 20 లీటర్లు తగ్గి, ఉప్పుశాతం 38.9కి చేరుతుంది. పిస్టల్ రొయ్య, నత్తలు ముందు పోయేది అలాగే. ఆరో రోజు ఎవరో గుర్తొచ్చి 20 లీటర్ల మంచినీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే మిగిలినవి కూడా పోతాయి. కాబట్టి ఆటోమేటిక్ టాప్ ఆఫ్ తప్పనిసరి. అది కూడా రెండు సెన్సార్లున్నది, అంటే ఒకటి నీటిమట్టానికి, ఒకటి పైన ప్రమాదానికి. దాని డబ్బా 25 లీటర్లు మించకూడదు. చాలామంది ఇక్కడే పొరపడి, తరచూ నింపే పని తప్పుతుందని 80 లీటర్ల డ్రమ్ము పెడతారు. సెన్సార్ మీద నత్త ఎక్కిన రోజున 25 లీటర్లు మొత్తం వెళ్లినా ఉప్పుశాతం 31 దగ్గర ఆగుతుంది, తొట్టె తట్టుకుంటుంది. 80 లీటర్లు వెళ్తే 25కి పడిపోతుంది, ఆపైన ఇల్లంతా నీళ్లు. పైపు కొస ఎప్పుడూ సంప్ నీటిమట్టానికి పైనే ఉండాలి. కొస నీళ్లలో మునిగితే, పంపు ఆగినా సైఫన్ పట్టి నీళ్లు తమంతట తాము దిగుతూనే ఉంటాయి. 25 లీటర్లు వానాకాలంలో పది రోజులకు పైగా, వేసవిలో ఆరు రోజులు వస్తాయి. ప్రతి ఆదివారం నింపడం, వేసవిలో వారం మధ్యలో ఇంకోసారి, అని అమ్మకి ఒక్క నియమం చెబితే చాలు.

ఆ డబ్బాలో ఏ నీళ్లు పోస్తారన్నది కూడా ముందే తేల్చు. వంటింటి ఫిల్టర్ నీళ్లు ఆర్వో అయినా, అందులో రుచికోసం కొంత టీడీఎస్ (కరిగిన లవణాలు) వదులుతారు. 20 లీటర్ల క్యాన్ నీళ్లదీ అదే కథ. ఇవి వారం వారం పోస్తుంటే ఆవిరైనకొద్దీ ఆ లవణాలు పేరుకుని, మూడు నెలలకి రాళ్ల మీద పాచి జుట్టులా మొలుస్తుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు స్వచ్ఛమైనవని నాన్నగారు అనవచ్చు. అవి రాగి తీగచుట్టల మీదుగా వస్తాయి. రాగి కాస్త చేరినా రొయ్యలకీ నత్తలకీ పగడాలకీ విషమే. ఆర్వో తరవాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికల) గొట్టం ఉన్న చిన్న యూనిట్ బాల్కనీలో బిగించు. టీడీఎస్ మీటర్ సున్నా చూపినంతకాలం ఆ నీళ్లు వాడాలి, 3 దాటితే రెజిన్ మార్చాలి. ఆ మీటర్ చదవడం తమ్ముడికి నేర్పు, వాడికి అదొక సరదా కూడా.

'సముద్రం పక్కనే ఉంటే ఉప్పు పొట్లాలు ఎందుకురా' అని ఇంట్లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఒడ్డు దగ్గరి నీళ్లలో నగరపు మురుగు, హార్బర్ నూనె కలుస్తాయి. దానికి తోడు వానలు వెలిసాక తీరం వెంట ప్రవాహం దక్షిణానికి తిరిగి, గంగ వంటి పెద్ద నదుల మంచినీళ్లను మన తీరానికి మోసుకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడి పైనీళ్ల ఉప్పుశాతం 35కి చాలా దిగువకు పడిపోతుంది. ఏప్రిల్లో తెచ్చిన బకెట్టూ నవంబరులో తెచ్చిన బకెట్టూ ఒకటి కావు. కొలిచి సరిచేయడం తెలిసిన మనిషి లేనప్పుడు సింథటిక్ ఉప్పే భద్రం. 20 లీటర్లకి సుమారు 720 గ్రాములు పడుతుంది, నీ బ్రాండ్‌కి ఎంతో ఒకసారి ఉప్పుశాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సరిచూసుకో. ఆ కొలత ప్రకారం పొట్లాలు కట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టి వెళ్లు. మన తేమలో మూత తీసిన ఉప్పు నెలలో రాయవుతుంది. గడ్డకట్టిన ఉప్పు తూకానికి పనికిరాదు, తేమ బరువు కలిసిపోతుంది. రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచేసి పెట్టు.

మేత విషయంలో ఆటో ఫీడర్ వద్దంటాను. తొట్టె పైన తేమకి గుళికలు ఉబ్బి గొట్టానికి అంటుకుంటాయి. నాలుగు రోజులు ఏమీ పడదు, ఐదో రోజు గడ్డ మొత్తం ఊడి పడుతుంది. పెద్దవాళ్లు వాడే ఏడు అరల మందుల డబ్బాలు నాలుగు కొని, అరకి 12, 15 చిన్న గుళికలు లెక్కపెట్టి నింపు. నాలుగు డబ్బాలంటే నెల రోజుల మేత. 'రోజుకి ఒక అర, అంతకు మించి ఒక్క గింజ కూడా వద్దు' అని చెప్పు. అమ్మలు పస్తు పెట్టి చేపను చంపరు, ఎక్కువ పెట్టి చంపుతారు. క్లౌన్ గాజు దగ్గరికి వచ్చి తోకాడిస్తే ఆకలేమో అనిపిస్తుంది. అది ఆకలి కాదు, అలవాటు అని ముందే చెప్పి ఉంచు. బ్లెన్నీకి మాత్రం వారానికి రెండుసార్లు నోరి (ఎండిన సముద్రపు నాచు) ముక్క, రెండు వేళ్ల వెడల్పున, క్లిప్పుకి పెట్టాలి. రాళ్ల మీద నాచు తగ్గిన పాత తొట్టెల్లో బ్లెన్నీ చిక్కిపోయి చనిపోవడం మామూలే. పొట్ట లోపలికి పోయిందా అని వీడియోలో నువ్వే చూడాలి.

వేడి సంగతి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్లతో రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. తొట్టె 29 దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు ముడుచుకుపోతాయి. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఉంటే 26కి పెట్టి, దాని జల్లెడ నెలకోసారి దులపమని చెప్పు. బల్ల లోపల మూసి పెట్టిన చిల్లర్ తన వేడి తానే పీల్చి ఆగిపోతుంది, తలుపు తీసే ఉండాలి. హీటర్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. హీటర్లు పాడైతే ఆగిపోవడం కంటే ఆగకుండా వెలుగుతూ ఉండిపోవడమే ప్రమాదం. విశాఖ చలికి 200 లీటర్లకి 100 వాట్ల హీటర్ చాలు. అది ఇరుక్కుపోయినా తొట్టెను ఉడికించడానికి చాలా సమయం పడుతుంది, ఈలోగా ఎవరో ఒకరు చూస్తారు. 300 వాట్లదైతే ఒక్క రాత్రి చాలు. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా దాన్ని ప్లగ్ తీసి పక్కన పెట్టినా నష్టం లేదు.

కరెంటు పోతే చేపల్ని చంపేది చీకటి కాదు, నీళ్లు కదలకపోవడం. వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. డీసీ వేవ్‌మేకర్ (నీళ్లు కదిపే పంపు) ఒక్కటి 10 వాట్లు తీసుకుంటుంది. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ నేరుగా తగిలిస్తే ఐదు గంటల దాకా నడుస్తుంది. ఇంట్లో 150 ఆంపియర్ అవర్ ఇన్వర్టర్ ఉంటే, దాని మీద వేవ్‌మేకర్ ప్లగ్ మాత్రమే పెడితే ఒక రోజు లాగుతుంది. లైట్లు, చిల్లర్, స్కిమ్మర్ (నురగతో నీటి మురికి తీసేది) దాని మీదకి రాకూడదు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే బ్యాటరీ సెల్స్‌తో నడిచే ఎయిర్ పంపులు రెండు, పది పన్నెండు కొత్త సెల్స్ అల్మారాలో ఉండాలి. కరెంటు లేని రోజుల్లో మేత పూర్తిగా బంద్. చేపలు నాలుగు రోజులు తినకపోయినా ఏం కాదు, కుళ్లిన మేత మాత్రం ఉన్న కాస్త ఆక్సిజన్‌ను తినేస్తుంది. చివరికి ఏదీ లేకపోతే గంటకోసారి మగ్గుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి పది నిమిషాలు పోయడం కూడా పనిచేస్తుంది.

వెళ్లేముందు మెయిన్ ఆపేసి చూడు. పై తొట్టె నుంచి దిగే నీళ్లన్నీ సంప్‌లో పట్టాలి, పొర్లకూడదు. మళ్లీ వేసినప్పుడు అన్నీ వాటంతట అవే మొదలవ్వాలి. స్మార్ట్ ప్లగ్‌లు కొన్ని కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండిపోతాయి, సెట్టింగ్ చూసుకో. స్కిమ్మర్ కప్పు తిరిగి మొదలైనప్పుడు పొంగుతుంది కాబట్టి ఆ కప్పుకి పైపు పెట్టి డబ్బాలోకి వదులు. అన్నిటికంటే ముఖ్యం, ఉప్పునీళ్ల దగ్గర చెయ్యి పెట్టేది అమ్మ. ఆ ప్లగ్‌లన్నీ 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) మీదకి రావాలి, వైర్లు ప్లగ్ కంటే కిందకి వేలాడి పైకి రావాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇది చేయించకుండా వరంగల్ బండెక్కకు.

కెమెరా, వైఫై థర్మామీటర్ పెట్టుకో, మంచిదే. కానీ అవి నీకు సంగతి చెబుతాయి తప్ప పని చేయవు, తుఫాన్లో నెట్ కూడా పోతుంది. సెలవుల ప్రకారం పని పంచుకో: దసరాకి పెద్ద నీళ్ల మార్పిడి, పంపులు వెనిగర్‌లో నానబెట్టడం, సంక్రాంతికి చిల్లర్, ట్యూబులు, వేసవికి రాళ్లు, సంప్ అడుగు.

ఇచ్చేయాలనుకుంటే ఆరు వారాలు ముందు మొదలుపెట్టు. జూలై ఆఖరి వారంలో కంగారుగా ఇస్తే ఎవరికి దొరికితే వాళ్లకి పోతాయి. తీసుకునేవాళ్ల తొట్టె వయసు, నీళ్ల లెక్కలు అడుగు, వీలైతే వెళ్లి చూడు. క్లౌన్ జంటను విడదీయకు. గోబీ, రొయ్య కలిసే వెళ్లాలి. సామానులో గిరాకీ లైటు, చిల్లర్, స్కిమ్మర్‌లకే ఉంటుంది. గాజు తొట్టెకీ బల్లకీ కొన్న ధరలో సగం వస్తే సంతోషించు. మొత్తం ఒకరికే ఇస్తే తక్కువ డబ్బు వచ్చినా అదే మంచిది, రాళ్లలోని బ్యాక్టీరియాతో సహా జీవాలు తమ ఇంటితోనే వెళ్తాయి.

రాళ్లు ఉండగా వలతో చేపల వెంట పడకు, అవి చిక్కవు సరికదా దెబ్బతింటాయి. ముందు జోవాలు, మష్రూమ్‌లు ఉన్న విడి రాళ్లు తీసి డ్రమ్ముల్లో పెట్టు. నీళ్లలో మూడింట రెండు వంతులు పైనుంచి మెల్లగా శుభ్రమైన డ్రమ్ముల్లోకి లాగు. తరవాత పెద్ద రాళ్లు తియ్. నాలుగంగుళాల నీళ్లు మిగిలాక చేపలు డబ్బాతోనే వస్తాయి. గోబీ ఇసుకలోకి దూరుతుంది, చెయ్యి పెట్టే చోటు చూసుకో. రొయ్య రాయి కింద బొరియలో ఉండిపోయి, రాయితోపాటే డ్రమ్ములోకి వెళ్లే అవకాశం ఎక్కువ. ఇసుక చివరికి. మూడేళ్ల ఇసుక అడుగున నల్లటి పొర, కుళ్లిన గుడ్డు వాసన ఉంటాయి. అది కదిలిన నీళ్లలో ఏ ప్రాణీ ఉండకూడదు. ఆ ఇసుకను కొత్త చోట వేయనే వద్దు. నీళ్లతోనో ఇసుకతోనో తొట్టెను ఎత్తకు, అడుగు అతుకు విడిపోతుంది.

మధురవాడకైనా గాజువాకకైనా మూతలున్న బకెట్లు, ఒక బ్యాటరీ ఎయిర్ పంపు చాలు. హైదరాబాద్‌లాంటి దూరానికైతే ముందు రోజు మేత ఆపు. చేపకొక కవరు, కవరు మీద కవరు, మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్, థర్మోకోల్ పెట్టె. రాత్రి బండిలో వెళ్తే తెల్లారేసరికి చేరతాయి. అవతలివాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పు: పన్నెండు గంటలు మూసి ఉన్న కవరులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ దిగి ఉంటుంది, అందుకే అమ్మోనియా విషం తెలియదు. కవరు విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, అప్పుడు అదే అమ్మోనియా చేపను కాలుస్తుంది. కాబట్టి మూసిన కవరునే 20 నిమిషాలు తేలనిచ్చి వేడి కలపాలి. ఉప్పుశాతం నువ్వు ముందే ఫోన్లో చెప్పి ఉంచితే వాళ్లు క్వారంటైన్ తొట్టెను అంతకే సరిచేసి పెట్టుకుంటారు. విప్పిన వెంటనే చేపను దించాలి. గంటసేపు చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపడం దూర ప్రయాణానికి తప్పు పద్ధతి.

హాస్టల్లో చిన్న తొట్టె పెట్టుకుందామన్న ఆలోచన వద్దు. సెలవుల్లో గదికి తాళం పడుతుంది, 20 లీటర్ల ఉప్పునీళ్ల తొట్టె వారం కూడా ఆగదు.

సామాను దాచుకునేదుంటే పంపులు, స్కిమ్మర్ సగం తెల్ల వెనిగర్, సగం నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మంచినీళ్లలో గంటసేపు నడిపి ఆరబెట్టు. మన సముద్రపు గాలికి లైటు పిన్నులు పచ్చబడతాయి, సిలికా జెల్ పొట్లాలతో మూసిన డబ్బాలో పెట్టు. తొట్టెను థర్మోకోల్ షీట్ మీద, ఎండ తగలని గోడవార ఉంచు. నాలుగేళ్ల తరవాత బాల్కనీలో నీళ్లు నింపి మూడు రోజులు కారుతోందేమో చూసిన తరవాతే లోపలికి తేవాలి. టెస్ట్ కిట్లు, ఆర్వో పొర దాచకు, అప్పటికి పనికిరావు.

రాళ్లు ఎండబెట్టేటప్పుడు ప్రాణం మీదకి తెచ్చుకునే తప్పు ఒకటుంది. జోవాలు, వాటి దగ్గరి బంధువులైన పాలీథోవాల్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. అవి అంటుకున్న రాళ్లను ఉడకబెట్టకు, వేడినీళ్లు పోయకు, బ్రష్‌తో గీకకు. ఆవిరిలోనూ తుంపరలోనూ వచ్చి ఇంటిల్లిపాదినీ ఆస్పత్రి పాలు చేయగలదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, వాటిని నీళ్లలో ఉండగానే విడదీసి ఇచ్చేయ్. మిగిలిన రాళ్లను బాల్కనీలో ఒక పాలు బ్లీచ్, పది పాళ్ల నీళ్లలో ఒక రోజు ఉంచి, మూడుసార్లు కడిగి, సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో పెట్టు. వెనిగర్ పనీ బ్లీచ్ పనీ ఒకే రోజు, ఒకే బకెట్లో చేయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

ఆఖరి రోజు అలసటలో అందరికీ తోచే మాట 'బీచ్ పక్కనేగా, రుషికొండలో వదిలేద్దాం' అని. వద్దు. తొట్టెలో పెరిగిన చేప అలల్లో బతకదు. బతికితే ఇంకా ప్రమాదం, దానితో వచ్చిన పరాన్నజీవులు, నాచు, ఐప్టేసియా (తొట్టెల్లో కలుపులా పెరిగే జీవి) అక్కడి జీవాలకి అంటుకుంటాయి. పెంపుడు లయన్‌ఫిష్ వదిలేయడం వల్లనే అట్లాంటిక్ తీరాల్లో అవి ఇప్పుడు అదుపు లేకుండా పెరిగాయని అంటారు. రాళ్లు, ఇసుక, నాచు కూడా సముద్రంలోకి పోకూడదు. పాత నీళ్లు వర్షపు కాలవలో పోస్తే అవి కూడా నేరుగా సముద్రానికే చేరతాయి కాబట్టి బాత్రూమ్ డ్రెయిన్‌లో కాస్త కాస్తగా, వెనక మంచినీళ్లు వదులుతూ పొయ్యి. బాల్కనీ కుండీల్లో మాత్రం పోయకు, తులసి కోట దగ్గరికి అసలే రానివ్వకు, ఆ ఉప్పు మట్టిలోంచి త్వరగా పోదు.